‘జలదిగ్బంధం’ ఎవరి మాట?

ఒక ఆగస్టు రాత్రి, పదకొండు దాటింది. మా పేపరులో జిల్లా పేజీలు అచ్చుకి వదిలే టైమ్ దగ్గరపడుతోంది. కోనసీమలోని ఒక లంక (నది మధ్య దీవిలాంటి ఊరు) నుంచి మా కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ళ వార్తలు పంపే మనిషి, ఫొటో పంపాడు. నడుంలోతు ఎర్రనీళ్ళలో ఒక పెద్దావిడ నడుస్తోంది. నెత్తిన స్టీలు బిందె. వెనక అరటితోట సగం మునిగి ఉంది. ఎడమవైపు ఒక పడవ, అందులో ముగ్గురు కుర్రాళ్ళు, వాళ్ళలో ఒకడు దేనికో పగలబడి నవ్వుతున్నాడు. ఆ పడవనీ ఆ నవ్వునీ కత్తిరించేశాను. పెద్దావిడ, చుట్టూ నీళ్ళు మిగిలాయి. పైన ‘జలదిగ్బంధంలో లంకలు’ అని బ్యానర్ పెట్టాను. మర్నాడు పేజీ బాగా వచ్చిందని ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా.

కొన్నాళ్ళకి పెళ్ళికని అటువైపు వెళ్తే ఆ పెద్దావిడ కొడుకు కలిశాడు. పేపరు దాచి ఉంచాడు. కోపమేమీ లేదు, నవ్వుతూనే అడిగాడు. “దిగ్బంధం అని రాశారేంటండీ? పడవ ఉంది కదా. మా అమ్మ మంచినీళ్ళకి రోజూ ఆ దారినే వెళ్తుంది. వరదొస్తే దారిలో నీళ్ళుంటాయి, అంతే. రాస్తే గోదారి గట్టుని కోసేయడం గురించి రాయండి. ఇప్పటికి నా కొబ్బరిచెట్లు నలభై గోదాట్లో కలిసిపోయాయి.”

ఫొటో అబద్ధం కాదు. హెడ్డింగూ అబద్ధం కాదు, ఆ రోజు రోడ్డు మునిగి రాకపోకలు ఆగిన మాట నిజమే. అయినా ఆ ఊరివాళ్ళకి అందులో వాళ్ళ ఊరు కనపడలేదు. వార్తలు ఎంచి, దిద్ది, పేజీలు పెట్టే డెస్కు ఉద్యోగం మానేసి, సెలవుల్లో హైస్కూలు పిల్లలకి మీడియా గురించి క్లాసులు చెప్పడం మొదలుపెట్టాక నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఈ ఫొటోయే.

మీడియా పాఠాలు అనగానే పెద్దవాళ్ళు ఒకటే అనుకుంటారు, ఫేక్ న్యూస్ పట్టుకోవడం నేర్పుతారని. వాట్సాప్‌లో వచ్చిన వరద వీడియో పాతదా కొత్తదా, మనదా వేరే దేశానిదా అని తేల్చడం. అదీ కావాలి. ‘ధవళేశ్వరం దగ్గర గట్టు తెగిందంట’ అని ఎవరో సరదాకి పంపినా డెల్టాలో సగం మందికి నిద్రపట్టదు. కానీ అది ఒక పూటలో నేర్పగలిగే పని. అసలు చిక్కు నిజమైన వార్తల దగ్గర ఉంది. అబద్ధాన్ని తీసి పారేయొచ్చు. నిజమే అయి, ఎవరో ఎంచి, కత్తిరించి, పేరు పెట్టి మన ముందు ఉంచినదాన్ని ఏం చేయాలి?

ఈ ప్రశ్నను బడిలోకి తెచ్చినవాళ్ళు చాలాకాలం క్రితమే ఉన్నారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1987లోనే ఇంగ్లీషు పాఠాల్లో మీడియాను చదవడం తప్పనిసరి చేసింది. వాళ్ళు రాసుకున్న మూలసూత్రాల్లో మొట్టమొదటిది, మీడియాలో కనిపించేదంతా ఎవరో కట్టినదే అని. బ్రిటన్‌లో పదహారేళ్ళ పిల్లలు రాసే పరీక్షలో మీడియా స్టడీస్ ఒక సబ్జెక్టు. మన దగ్గర సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతులకి మాస్ మీడియా స్టడీస్ ఉంది, కావాలనుకున్నవాళ్ళు తీసుకోవచ్చు. బ్రిటన్ సిలబస్ నాలుగు మాటల చుట్టూ తిరుగుతుంది: మీడియా భాష, చిత్రణ, పరిశ్రమ, ప్రేక్షకులు. పుస్తకంలో నాలుగూ విడివిడి అధ్యాయాలు. బయట మాత్రం వల కన్నుల్లా ఉంటాయి, ఒకటి లాగితే మిగతావీ కదులుతాయి.

భాషతో మొదలుపెడదాం, నాకు బాగా తెలిసింది అదే. ఫొటోలో కనిపించేది ఒకటి, అది తట్టి లేపేది ఇంకొకటి. బిందె, నీళ్ళు, ముసలావిడ: ఇంతవరకు కనిపించేది. దిక్కులేనితనం, కష్టం, ‘అయ్యో’ అనిపించడం: ఇది తట్టి లేపేది. ఫ్రాన్సులో రోలాండ్ బార్త్ 1950ల్లో పత్రికల ఫొటోలను, ప్రకటనలను ఇలాగే విప్పి చూపించాడు. మన తెలుగు మాస్టారు క్లాసులో చెప్పే అభిధ (మాటకి నేరుగా ఉండే అర్థం), లక్షణ (అది పొసగనప్పుడు తీసుకునే అర్థం), వ్యంజన (ధ్వనించే అర్థం) దీనికి దగ్గర చుట్టాలే. అలంకారశాస్త్రంలో అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది, ‘గంగలో గొల్లపల్లె’. నదిలో పల్లె ఉండదు కాబట్టి ‘గంగ ఒడ్డున’ అని అర్థం చేసుకోవాలి, అది లక్షణ. లంకల పిల్లలకి ఈ ఉదాహరణ చెబితే మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళ పల్లె నిజంగానే గోదాట్లో ఉంది మరి!

బార్త్ అక్కడితో ఆగలేదు. ఇలా తట్టి లేపిన అర్థం మెల్లగా ‘అది అంతే, ప్రకృతి సహజం’ అన్నట్టు కుదురుకుపోతుందని, అదే ప్రమాదమని అతని వాదన. దీనికి మన పేపర్ల వరద భాష కన్నా మంచి సాక్ష్యం నాకు తెలీదు. ‘గోదారి ఉగ్రరూపం’, ‘గోదారి పరవళ్ళు’, నాలుగు రోజుల తర్వాత ‘శాంతించిన గోదారి’. కర్త ఎప్పుడూ గోదారే. కోపం తెచ్చుకునేదీ ఆవిడే, చల్లబడేదీ ఆవిడే. మధ్యలో మనిషి అన్నవాడు కనపడడు. ఇంకో వాక్యం చూడండి: ‘ఏటిగట్టుకు గండి పడింది.’ పడింది. దానంతట అదే. తెలుగులో ‘పడు’ అనే క్రియ భలే సౌకర్యం, ఎవరినీ వేలెత్తి చూపించాల్సిన పని ఉండదు. కిందటేడు వేసవిలో ఆ చోట గట్టు పని ఎవరు ఒప్పుకున్నారు, ఎక్కడ ఆపేశారు, ఎవరు చూసి సంతకం పెట్టారు అన్నవి ఆ ఒక్క క్రియ కింద మునిగిపోతాయి. తొమ్మిదో తరగతి పిల్లలకి నేను ఇచ్చే పని ఇదే. హెడ్డింగ్ తీసుకోండి, కర్త స్థానంలో మనిషిని పెట్టి మళ్ళీ రాయండి. సగం హెడ్డింగులకి ఆ మనిషి ఎవరో పేజీలో ఎక్కడా దొరకడు. దొరకలేదని తెలియడమే పాఠం.

కెమెరా కోణం, లైటు, వెనక వచ్చే మ్యూజిక్, ఇలాంటివి కూడా భాష కిందకే వస్తాయి. పిల్లలు రీల్స్ చేసి చేసి వీటిలో మనకన్నా ఆరితేరారు, నేను ఎక్కువ చెప్పను.

ఇక ఏది వార్త అవుతుంది అన్న సంగతి. గోదారి జిల్లాల్లో ఏటా వచ్చే వార్త ఒకటుంది: యానాంలో పులసకి రికార్డు ధర. ఒక్క చేప, వేలల్లో వేలం, దాన్ని రెండు చేతులా పట్టుకున్న మనిషి ఫొటో. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని ఇలస అంటారు, ఎర్రనీరు వచ్చాక ఎదురీది గోదారి ఎక్కితే పులస అవుతుంది. చేప అదే, పేరూ ధరా మారతాయి. వార్త సంగతీ అంతే. ఊళ్ళో జరిగేదంతా ఇలస. డెస్కు దాటినదే పులస.

ఏది దాటుతుంది? నార్వేకి చెందిన యోహాన్ గాల్టుంగ్, మారి రూగె 1965లో దీని మీద ఒక వ్యాసం రాశారు. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నార్వే పత్రికలు ఎలా రాశాయో చూసి, ఒక సంఘటన వార్త కావడానికి తోడ్పడే పన్నెండు గుణాలు చెప్పారు. పెద్దది కావాలి, అరుదైనది కావాలి, పేరున్నవాళ్ళు ఉండాలి, చెడ్డదైతే మరీ మంచిది, ఇలా. నాకు వాటిలో అన్నిటికన్నా పదునైనదిగా అనిపించేది కాలానికి సంబంధించినది. పత్రికకి రోజుకో ఊపిరి. ఆ ఊపిరిలో ఇమిడే సంఘటన వార్త అవుతుంది, ఏళ్ళ తరబడి జరిగేది కాదు.

డెల్టాలో పుట్టినవాళ్ళకి దీన్ని వేరే వివరించక్కర్లేదు. 1995 జనవరి 8న పాసర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఔట్ అయింది, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నింది. మంట 65 రోజులు మండింది. దేశమంతా చూసింది, చూడాల్సిందే. అదే డెల్టాలో బావినీళ్ళు ఉప్పదేరడం, చేల పక్కన రొయ్యల చెరువులు తవ్వేసరికి వరి దెబ్బతినడం, లంక ఏటా కొంచెం కొంచెం కోసుకుపోవడం ఉన్నాయి. వీటికి ‘నిన్న రాత్రి’ అని చెప్పుకోడానికి తేదీ లేదు. నలభై కొబ్బరిచెట్లు ఒకే రాత్రి పడి ఉంటే మొదటి పేజీ. ఏడాదికి అయిదారు చొప్పున పడ్డాయి కాబట్టి పెళ్ళిలో కలిసిన మనిషి చెబితే తప్ప నాకు తెలియలేదు.

అసలు డెస్కులో ఉన్నప్పుడు నా చేతిలో ఎంత ఉంది అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పరిశ్రమ అనే అధ్యాయం అక్కడ మొదలవుతుంది.

1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పత్రిక పెట్టినప్పుడు రాసేవాడు, దిద్దేవాడు, నడిపేవాడు దాదాపు ఒక్కడే. అది ఎవరి గొంతో చదివినవాళ్ళకీ తిట్టుకున్నవాళ్ళకీ తెలుసు. ఇప్పటి జిల్లా పేజీలో ఎన్ని చేతులు ఉంటాయో చూడండి. 1980ల్లో తెలుగు పత్రికలు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మండలానికో మనిషి కావాల్సి వచ్చింది. ఆ కంట్రిబ్యూటర్లలో ఎక్కువమందికి జీతం ఉండదు, అచ్చయిన వార్తకి కొలతపెట్టి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది. అది బండి పెట్రోలుకి సరిపోతే గొప్ప. చాలా చోట్ల యాడ్స్ తెచ్చే బాధ్యత కూడా వాళ్ళదే. పొద్దున ఎవరి దగ్గర పుట్టినరోజు ప్రకటన అడిగాడో, సాయంత్రం ఆయన చెరువు మీదే ఫిర్యాదు వస్తే ఆ కుర్రాడు ఏం రాస్తాడు? చెడ్డవాడు కానక్కర్లేదు. ఇబ్బందిలో ఉన్నవాడైతే చాలు.

మనం పేపరుకి ఇచ్చే డబ్బు కాగితానికి, అచ్చుకి కూడా సరిపోదు. మిగతాది ప్రకటనలు భరిస్తాయి. సంక్రాంతి నాటి పేపరు చేత్తో ఎత్తి చూడండి, బరువులో ఎంత భాగం నగల షాపులదో, ప్లాట్లదో తెలిసిపోతుంది. డల్లాస్ స్మైత్ అనే కెనడా పండితుడు 1977లో ఒక మాట అన్నాడు, పత్రిక మనకి వార్తలు అమ్ముతోందనుకుంటాం గానీ నిజానికి ప్రకటనదారులకి మనల్ని అమ్ముతోందని. వినగానే పిల్లలకి కోపం వస్తుంది. యూట్యూబ్ చూస్తున్నప్పుడు మధ్యలో వచ్చే యాడ్ గుర్తుచేస్తే ఒప్పుకుంటారు.

ఇంకా ముదిరితే ఏమవుతుందో 2009 ఎన్నికల్లో చూశాం. అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వాళ్ళ ప్రచారాన్ని వార్తల్లా వేశారన్న ఆరోపణల మీద, పత్రికల తీరుని చూసే ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి అందులో సభ్యులు. 2010లో నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు, 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే జనానికి అందింది. పత్రికల గురించిన నివేదిక పాఠకులకి చేరడానికి అంత ప్రయాసపడాల్సి వచ్చింది!

ఇంట్లో చేసుకోదగ్గ పని ఒకటి చెబుతాను. అటక మీదో, అలమర అరల్లో పరిచో పాత పేపర్లు ఉంటాయి కదా. వాటిలో మార్చి మొదటివారంవి వెతకండి. లోపలి పేజీలో ఓ మూల, చిన్న అక్షరాల్లో ‘ఫారం-4’ అని ఉంటుంది. ప్రచురణకర్త ఎవరు, ఎడిటర్ ఎవరు, ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ళు ఎవరు అన్నది ఏటా ప్రకటించాలని 1956 నాటి నిబంధనలు చెప్పేవి. ఆ పేర్లు రాసుకుని, వాళ్ళకి ఇంకా ఏయే వ్యాపారాలు ఉన్నాయో, ఏ పార్టీతో చుట్టరికమో పెద్దవాళ్ళని అడగమంటాను. తెలుగునాట ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేని పెద్దవాళ్ళు తక్కువ. ఏ పేపరు ఎవరిదో టీకొట్టు దగ్గర అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ లెక్క వార్త చదివేటప్పుడు కలపం, అదే విచిత్రం.

చిత్రణ అంటే మనుషులనీ ఊళ్ళనీ ఎలా చూపిస్తారన్నది. గోదారి జిల్లాలంటే తెర మీద ఏం కనిపిస్తుందో చెప్పమంటే పిల్లలు ఆగకుండా చెబుతారు. కొబ్బరిచెట్లు, పడవ, పచ్చటి చేలు, వెటకారం, మాటమాటకీ ‘ఆయ్’. అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్మన్ 1922లో, మనం లోకాన్ని చూసి తర్వాత అర్థం చెప్పుకోం, ముందే మూస పోసుకుని ఆ మూసలోంచి చూస్తాం అని రాశాడు. ఈ మూసలో తిట్టు ఏమీ లేదు కదా, పొగడ్తే కదా అంటాడు ఎవడో ఒక కుర్రాడు. అంటాడని నాకు తెలుసు, ఎదురుచూస్తాను. అప్పుడు అడుగుతాను, మీ ఇంట్లో గానీ వీధిలో గానీ గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు ఎవరు? చేతులు లేస్తాయి. అమ్మ కువైట్‌లో, పిన్ని మస్కట్‌లో. ఇళ్ళలో పనికి వెళ్ళి ఏళ్ళ తరబడి డబ్బు పంపుతున్న ఆ ఆడవాళ్ళు గోదారి అందాల షాట్‌లో ఎక్కడున్నారు? సొంత భూమి లేని కౌలురైతు, రాత్రంతా రొయ్యల చెరువు గట్టున టార్చిలైటు పట్టుకుని తిరిగే కాపలామనిషి ఎక్కడున్నారు? మూస అబద్ధం చెప్పడం కన్నా ఎక్కువగా చేసే పని ఇదే, కొంతమందిని ఫ్రేములోకి రానివ్వదు. నేను పడవలో నవ్వుతున్న కుర్రాణ్ణి కత్తిరించినట్టే. వరదబాధితుడు నవ్వకూడదు మరి!

పేరు పెట్టడం కూడా చిత్రణే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావట్లేదని పొలాలు బీడు పెట్టేశారు. దానికి ‘క్రాప్ హాలిడే’ అని పేరు వచ్చింది, పేపర్లు ‘పంట విరామం’ అన్నాయి. హాలిడే అంటే సెలవు. విరామం అంటే కాసేపు ఆగడం. సమ్మె అని ఉంటే? కానీ రైతులు ‘హాలిడే’ అన్న మాటనే ఎంచుకున్నారు, అందులో కాస్త ఎత్తిపొడుపు కూడా ఉంది. పట్నంలో చదివినవాళ్ళకి ఆ ఎత్తిపొడుపు ఎంత చేరిందో అనుమానమే.

కాటన్ దొర విగ్రహాల దగ్గర కూడా ఇదే ప్రశ్న వేయొచ్చు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఈ నేల తలరాత మార్చింది, అందులో వాదన లేదు. కానీ కథ ఎప్పుడూ ఒక్క మనిషి చుట్టూనే ఎందుకు చెబుతాం? ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్న పేరు ఎంతమందికి తెలుసు? రాళ్ళు మోసినవాళ్ళకి నేను విగ్రహం చూడలేదు. నీళ్ళు వస్తే శిస్తు పెరుగుతుందన్న ఈస్టిండియా కంపెనీ లెక్క కూడా ఆ కథలో భాగమే. ఇది అడిగితే మా క్లాసులోనే ఒక టీచరుగారు నొచ్చుకున్నారు. దొరని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదని చెప్పాను, ఆవిడ ఒప్పుకున్నట్టు లేదు.

చివరికి ప్రేక్షకులు. ఒకప్పుడు మీడియా ఏం చెబితే జనం అదే నమ్ముతారని పండితులు కూడా అనుకున్నారు. జమైకాలో పుట్టి బ్రిటన్‌లో పనిచేసిన స్టువర్ట్ హాల్ 1973లో దీన్ని తిరగేశాడు. పంపినవాడి అర్థం ఒకటి, అందుకున్నవాడి అర్థం అదే కానక్కర్లేదు. పూర్తిగా ఒప్పుకునేవాళ్ళుంటారు, సగం ఒప్పుకుని సగం తమ అనుభవంతో సరిచూసుకునేవాళ్ళుంటారు, తిరగేసి చదివేవాళ్ళుంటారు.

‘వరద సహాయక చర్యలు ముమ్మరం’ అని టీవీలో స్క్రోలింగ్ పోతోందనుకోండి. హైదరాబాద్‌లో చూసేవాళ్ళకి ప్రభుత్వం గట్టిగా పనిచేస్తోందని అర్థం. అమలాపురం కొట్టాయనకి, చేస్తున్నారు గానీ మా వీధికి ఇంకా రాలేదని. లంకలో రైతుకి, ముమ్మరం అన్నారంటే ఇక ఎవరూ రారని! 2022 జులైలో భద్రాచలం నీటిమట్టం 71.3 అడుగులకి చేరినప్పుడు ఛానళ్ళు ఆ అంకెని మోగించేశాయి. డెల్టాలో పెద్దవాళ్ళు దాన్ని 1986 నాటి 75.6తో పోల్చి చూసుకున్నారు, తర్వాత ధవళేశ్వరం సంగతి అడిగారు. అక్కడ 11.75 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. ఏ అంకెకి గొడ్లని గట్టెక్కించాలో, ఏ అంకెకి సామాను అటకెక్కించాలో ఒక్కో లంకకి ఒక్కో లెక్క ఉంది. ఛానల్ చెప్పేది భయం, వీళ్ళు తీసుకునేది సమాచారం. ఇక కువైట్‌లో ఉన్న అమ్మ ఆ వీడియో చూసి ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే మళ్ళీ చేస్తుంది. హాల్ చెప్పిన మూడు రకాల్లో ఆవిడ ఎందులోకి వస్తుందో నాకు ఇప్పటికీ తేలలేదు.

అయితే జనం తెలివైనవాళ్ళు, మీడియా ఏమీ చేయలేదు అని కూడా కాదు. అమెరికాలో మెకోంబ్స్, షా 1968 ఎన్నికలప్పుడు ఓటర్లని పరిశీలించి 1972లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, మీడియా దేన్ని పెద్దది చేసి చూపిస్తుందో ఓటర్లూ దాన్నే ముఖ్యం అనుకున్నారు. మనం ఏమనుకోవాలో చెప్పలేకపోయినా, దేని గురించి అనుకోవాలో చెప్పగలదు. వారం రోజులు పులస ధర మీద మాట్లాడుకున్న ఊరు ఆ వారం కోత మీద మాట్లాడుకోదు. ఇప్పుడు ఆ ఎంపిక డెస్కు నుంచి ఫోన్‌లోకి మారింది. ఏది చూపిస్తే ఇంకో నిమిషం ఉంటామో లెక్కగట్టే యంత్రానికి రాత్రి పదకొండు లేదు, పెళ్ళిలో ఎదురుపడి నిలదీసేవాళ్ళూ లేరు.

కిందటి వేసవిలో కత్తిరించని ఫొటోని ప్రింటు తీసి పిల్లలకి ఇచ్చాను. పడవతో, నవ్వుతో సహా. హెడ్డింగ్ పెట్టమన్నాను. చాలామంది అలవాటు కొద్దీ జలదిగ్బంధమే రాశారు. ఒకమ్మాయి మాత్రం బిందెని చాలాసేపు చూసి, ‘చుట్టూ నీళ్ళే, తాగడానికి రేవు దాటాల్సిందే’ అని రాసింది. ఆ పెద్దావిడ కొడుకు చెప్పింది దాదాపు అదే, ఆ అమ్మాయికి అతనెవరో కూడా తెలీదు.

వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. “సార్, ఆ రోజు మీరు ఇదే హెడ్డింగ్ పెట్టుంటే మొదటి పేజీలో వచ్చేదాండీ?”

రాదన్నాను. లోపలి పేజీలో, డబుల్ కాలమ్, ఫొటో లేకుండా.